పాత ట్రాక్టర్ కొనే పాడి రైతులకు హెచ్చరిక: దమ్ము బండికి రంగు వేసి అంటగడుతున్నారు

పాడి పశువుల కోసం పాత ట్రాక్టర్ చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా హైవే పక్కన వరుసగా బళ్లు నిలబెట్టి అమ్మే యార్డుల్లో బేరం నడుపుతున్నవాళ్లు, అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. "ఒకే ఓనరు, సొంత పొలం పని, 1,140 గంటలు" అని చెప్పి మాకు అమ్మిన బండి, ఏళ్ల తరబడి డెల్టా వరి మళ్లలో దమ్ము చేసి (నాట్లకు ముందు నీళ్లు పెట్టిన మడిని దున్ని బురద చేసి) గేర్ బాక్స్ దాకా నీళ్లు తాగిన బండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి యార్డు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇన్‌బాక్స్‌లో అడిగినా చెప్పను, దయచేసి ఏమీ అనుకోవద్దు. పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు. సంకరజాతి ఆవులు, గేదెలు కలిపి నలభై దాకా ఉన్నాయి. పెద్ద పశువుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత లెక్కేసినా రోజూ టన్ను గడ్డి కోసి, తెచ్చి, ముక్కలు కొట్టాలి. పేడ రోజుకు అర టన్నుకు తగ్గదు. పంట పొలం ట్రాక్టరుకు సీజను ఉంటుంది, మధ్యలో రెండు నెలలు చెట్టు కింద నిలబడుతుంది. పశువుల దగ్గర బండికి ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. ఒక్క పూట మొరాయిస్తే అద్దె ట్రాక్టరు కోసం ఊరంతా ఫోన్లు చేయాలి, మేత ఆలస్యమైతే సాయంత్రం పాలలో తేడా కనబడుతుంది. అందుకే మాకు కావలసింది బలమైన బండి కన్నా నమ్మకమైన బండి.

యార్డులో చూపించింది 2017 మోడల్, 47 హెచ్‌పీ బండి. కొత్త రంగు, కొత్త సీటు, మెరిసే స్టీరింగు కవరు. మేము వెళ్లేసరికే ఇంజను నడుస్తూ ఉంది. "ఇప్పుడే ఒకాయన చూసి వెళ్లారండీ, మీరు కాదంటే సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నారు" అన్నాడు అక్కడి కుర్రవాడు. మాతో వచ్చిన మెకానిక్ ఇంజను శబ్దం విన్నాడు, పొగ చూశాడు, గేరు ఆయిల్ గేజ్ కడ్డీ తీసి చూశాడు. ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంది. ఆర్‌సీ చూశాం, ఫైనాన్సు తీరిందన్న కాగితం చూశాం. యార్డు చుట్టూ నడిపి చూశాం. 4 లక్షల 35 వేలకు బేరం కుదిరింది.

బండి ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే లిఫ్టు దిగిపోవడం మొదలైంది. వెనక పేడ ఎత్తే బకెట్ పైకి లేపి ఇంజను ఆపితే, చూస్తుండగానే నేలకు ఆనేది. తరువాత ఎడమ వైపు బ్రేకు పట్టడం మానేసింది. గడ్డి ట్రాలీతో మా పాక దగ్గరి వాలు దిగుతుంటే బండి కుడికి లాగేసింది. మెకానిక్ వెనక డ్రెయిన్ ప్లగ్గు విప్పితే ముందు నీళ్లు, ఆ వెనక పాలు కలిపిన టీ రంగులో చిక్కటి ద్రవం వచ్చాయి. ప్లగ్గుకు ఉండే అయస్కాంతం మీద ఇనుప రజను ముద్దకట్టి ఉంది. అమ్మేముందు కొత్త ఆయిల్ పోశారు, కానీ లోపలి మూలల్లో ఉన్న నీళ్లు, తుప్పు ఎక్కడికీ పోవు. నడిచేకొద్దీ అవన్నీ ఆ కొత్త ఆయిల్లో కలిశాయి.

బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. లోపల ఆయిల్‌తో తడిసి గట్టిపడిన నల్లటి బంకమట్టి, పొరలు పొరలుగా. మా వైపు నేల ఎర్రది. అమ్మినవాడు ఇది మదనపల్లె దగ్గర టమాటా తోటల్లో తిరిగిన బండి అన్నాడు. అక్కడా ఎర్రమట్టే! ఈ నల్లమట్టి డెల్టా మళ్లది. వెనక రిమ్ముల లోపలి అంచు చూస్తే, కొత్త రంగు కింద, దమ్ముకు వాడే ఇనుప చక్రాలు బిగించిన బోల్టుల ఒరిపిడి గుర్తులు చుట్టూరా ఉన్నాయి. వేలితో తడిమితే గుంటలు తెలుస్తాయి.

దమ్ము పని తప్పని నేను అనడం లేదు. వరి రైతుకు అది తప్పదు. కానీ మోకాలి లోతు బురదలో రోజుకు పది పన్నెండు గంటలు తిరిగితే ఇరుసు సీళ్లు అరిగిపోతాయి, బురదనీళ్లు లోపలికి వెళతాయి. మన దగ్గర నడిచే చాలా ట్రాక్టర్లలో గేరు బాక్సుకు, హైడ్రాలిక్ లిఫ్టుకు ఒకటే ఆయిల్. గేరు బాక్సులోకి వెళ్లిన నీళ్లే పంపును, వాల్వులను కూడా తినేస్తాయి. ఇరుసు సీలు పోతే ఆయిల్ బ్రేకు లైనింగు మీదకు కారుతుంది. అంటే లిఫ్టు దిగిపోవడం, బ్రేకు పట్టకపోవడం రెండు వేరు రోగాలు కావు. ఇలాంటి బండిని నిజం చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇక ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు సంగతి. డ్యాష్‌బోర్డు మార్చేస్తే గంటలు సున్నా నుంచి మొదలవుతాయి, మోసం ఇంతే. దీన్ని పట్టుకునే దారులు రెండున్నాయి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. మొదటిది టైరు. టైరు పక్కన నాలుగంకెల తయారీ సంఖ్య ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. మా బండి వెనక టైర్ల మీద 3821 అని ఉంది, అంటే 2021లో 38వ వారం. 2017 బండికి 1,140 గంటల్లోపే వెనక టైర్లు రెండూ అరిగి మార్చవలసి వచ్చిందంటే మీటరైనా అబద్ధం, కథైనా అబద్ధం. రెండోది కంపెనీ డీలరు వర్క్‌షాపు. ఛాసిస్ నంబరు ఇస్తే ఆ బండికి తమ దగ్గర జరిగిన సర్వీసుల వివరాలు చూసి చెప్పగలరు. మా బండికి 2020లో చేసిన సర్వీసులోనే 2,640 గంటలు నమోదై ఉన్నాయి. మేము కొన్నది ఆ తరువాత మూడేళ్లకు, అప్పటి లెక్క ఎంతో ఊహించుకోండి.

బండి చూడటానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే చల్లబడే దాకా అక్కడే కూర్చోండి. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో చూడకుండా బేరం మొదలుపెట్టవద్దు. నడుస్తున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ రాకూడదు. వెనక ఏదైనా బరువైన పనిముట్టు, రోటవేటరైనా సరే, తగిలించి పైకి లేపి ఇంజను ఆపించండి. కింది అంచు ఎత్తు సుద్దతో గుర్తు పెట్టి పావుగంట ఆగండి. కాస్త దిగితే సరే, కళ్లకు తెలిసేంత దిగితే లేచి వచ్చేయండి. గేజ్ కడ్డీ మీద ఆయిల్ బాగున్నా నమ్మవద్దు, డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేయించి అడుగున ఉన్నది ఒక గ్లాసు పట్టించండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి బండి రాత్రంతా నిలబడి ఉంటే ముందు నీళ్లే వస్తాయి. యార్డువాళ్లు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

పశువుల పనికి పీటీవో, అంటే ఇంజను బలాన్ని వెనక తగిలించిన యంత్రానికి అందించే షాఫ్టు, ప్రాణం. క్లచ్ పెడల్ సగం నొక్కితే బండి ఆగాలి, వెనక పీటీవో షాఫ్టు తిరుగుతూనే ఉండాలి. పూర్తిగా నొక్కితేనే రెండూ ఆగాలి. దీన్ని డ్యూయల్ క్లచ్ అంటారు. సింగిల్ క్లచ్ బండి వెనక మేత కోసే యంత్రం కడితే, గడ్డి ఒత్తుగా వచ్చినచోట బండి ఆపగానే యంత్రం కూడా ఆగి, నోటినిండా నేపియర్ గడ్డి ఇరుక్కుపోతుంది. కత్తులు విప్పి తీసుకోవాలి. ఖాళీగా తిప్పి చూపిస్తే సరిపోదు, వీలైతే మీ చాఫ్ కట్టరే (మేత ముక్కలు కొట్టే యంత్రం) తీసుకెళ్లి బరువు మీద నడపండి. అరిగిన క్లచ్ ఖాళీగా ఉన్నప్పుడు పెళ్లికొడుకులా నిలబడుతుంది. పీటీవో మీద ఉండవలసిన ఇనుప కప్పు మా బండికి లేనే లేదు. కండువా, చీర కొంగు చుట్టుకుంటే మనిషి పోతాడు. ఆ కప్పు ధర వందల్లోనే ఉంటుంది, ముందు అది బిగించండి.

దమ్ము బళ్ల తరువాత భయపడవలసినవి ఇసుక తోలిన బళ్లు. వీటి గుర్తు వెనక ట్రాలీ తగిలించే హుక్కు దగ్గర దొరుకుతుంది. పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉండాలి, అది కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉంటే ఆ బండి బరువులు లాగీ లాగీ అలసిపోయినదే. అక్కడ కొత్త వెల్డింగు కనబడినా అనుమానించండి.

కాగితాల దగ్గర మాకు నష్టం జరగలేదు గానీ, జరగడానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. ఓనరు పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 మీద పాత ఓనరు సంతకాలు ఉన్న ఖాళీ కాగితాలు కట్టలుగా పెట్టుకున్నారు. బండి ఎంతమంది చేతులు మారినా ఆర్‌సీ మీద మొదటి మనిషే కనబడతాడు, "ఒకే ఓనరు" రహస్యం అదే. ఫైనాన్సు బండి అయితే ఫైనాన్సు కంపెనీ అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీతో పాటు, అప్పు ఒప్పందం ముగిసిందని చెప్పే ఫారం 35 కూడా చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి, రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో హైపోథికేషన్ (బండి మీది తాకట్టు) తొలగిందో లేదో మీరే చూసుకోండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి ఆర్‌సీతో పోల్చండి.

అన్నిటికన్నా ముఖ్యం రసీదు. మాకు మొదట ఇవ్వబోయింది పేరూ ఊరూ లేని తెల్లచీటీ. గట్టిగా అడిగితే బిల్లు పుస్తకం బయటికి వచ్చింది. రసీదులో యార్డు పేరు, ఛాసిస్ నంబరు, ఆనాటి మీటరు రీడింగు, ఇంత మొత్తం ముట్టిందన్న మాట ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి.

కొత్తదే కొంటే గొడవ ఉండదు కదా అంటారు. కొంతవరకు నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 45 హెచ్‌పీ బండి మీద సుమారు 45 వేలు తగ్గుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రి అప్పట్లో చెప్పారు. యార్డులవాళ్లు మాత్రం పన్ను తగ్గకముందు కొత్త బండికి ఉన్న ధర చూపించి బేరమాడుతున్నారు, ముందు షోరూములో ఈనాటి ధర రాయించుకుని వెళ్లండి. షోరూముల్లో ఉండే చిక్కు వేరు. "50 హెచ్‌పీ కేటగిరీ" అని రాసి ఉంటుంది, ఇంజను 47 ఉంటుంది, పీటీవో దగ్గరికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. గడ్డి కోసేది పీటీవో బలమే కాబట్టి ఆ అంకె అడగండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షించిన నివేదికల్లో పీటీవో బలం, లిఫ్టు సామర్థ్యం, డీజిలు ఖర్చు అన్నీ ఉంటాయి, డీలరు దగ్గర అడిగి చూడవచ్చు. 50 హెచ్‌పీ దాటిన కొత్త బళ్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటి ఇంధన వ్యవస్థ చాలావరకు కంప్యూటరు మీద నడిచేదే, మొరాయిస్తే ఊళ్లో మెకానిక్ ఏమీ చేయలేడు. నలభై పశువుల పాకకు 50 లోపు బండి చాలు, అదీ ఇరవై కిలోమీటర్లలోపు వర్క్‌షాపు ఉన్న కంపెనీదైతేనే. ఇది నా అభిప్రాయం.

ఫిర్యాదు సంగతి చాలామంది అడుగుతున్నారు. కొన్న ధర 5 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. వ్యాపారం కోసం కొన్నారని అవతలివాళ్లు అడ్డం తిరుగుతారు కాబట్టి, సొంతంగా పాడి చేసుకుని బతుకుతున్నాం, జీవనోపాధి కోసమే కొన్నాం అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. డ్రెయిన్ చేసిన ఆయిల్ సీసాలో పట్టి, మూతకు సీలు వేసి ఉంచాం. మట్టి పొరలు, రిమ్ము గుర్తులు, టైరు అంకెలు తేదీతో ఫోటోలు తీశాం. మెకానిక్ చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకున్నాం. డీలరు వర్క్‌షాపు సర్వీసు వివరాలు ముద్ర వేయించి జతచేశాం.

నోటీసుకు యార్డు ఇచ్చిన జవాబు ఒక్కటే: మేము మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది పాత ఓనరు. డబ్బు యార్డు ఖాతాలోకే వెళ్లింది, బిల్లు వాళ్లదే, కాబట్టి ఆ వాదన నిలవదని మా వకీలు అంటున్నారు. తీర్పు ఎటు వచ్చినా ఈ పోస్టు కిందనే రాస్తాను. ఈలోగా ఎవరైనా ఇలాంటి బండి చూసి వచ్చి ఉంటే టైరు అంకెలు, రిమ్ము లోపలి అంచు ఫోటో పెట్టండి, మా మెకానిక్‌కు చూపించి ఆయన మాట చెబుతాను.