‘మదామా బటర్‌ఫ్లై’: మిలాన్ ప్రతియా, బ్రెషా ప్రతియా?

ఇటలీ స్వరకర్త పుచ్చీనీ ఒపెరా (సంగీత నాటకం) ‘మదామా బటర్‌ఫ్లై’ 1904 ఫిబ్రవరి 17న మిలాన్‌లోని లా స్కాలా థియేటర్లో ఘోరంగా విఫలమైంది. సవరించిన ప్రతి అదే ఏడాది మే 28న ఇటలీలోనే ఉన్న బ్రెషా నగరంలో ఘనవిజయం సాధించింది. నేడు ప్రదర్శించేవారు దేన్ని ఎంచుకోవాలి?

శ్రమ, ఖర్చు: మిలాన్ ప్రతిలో పెళ్లి సన్నివేశం నిడివి ఎక్కువ, తాగుబోతు బంధువు వంటి చిన్న పాత్రలకూ పని ఎక్కువ, కాబట్టి రిహార్సళ్లు పెరుగుతాయి. గాయకులకు కంఠస్థమైనది బ్రెషా సవరణల మీద రూపొందిన ప్రతే.

పింకర్టన్: జపాన్ యువతి అయిన నాయికను పెళ్లాడి వదిలేసే అమెరికా నౌకాదళ అధికారి ఇతను. పశ్చాత్తాపంతో అతను పాడే వీడ్కోలు పాట బ్రెషాలోనే చేరింది. అది లేని మిలాన్ ప్రతిలో అతను మరింత కఠినుడు. నా దృష్టిలో అదే నిజాయితీ.

రిస్కు: మిలాన్ ప్రతిలో రెండే అంకాలు. నాయిక రాత్రంతా ఎదురుచూసే ఘట్టం తెర పడకుండానే తెల్లవారుజాములోకి సాగుతుంది. తొలిరాత్రి అక్కడ వినిపించిన పక్షుల కిలకిలారావాలకు ప్రేక్షకులు జంతువుల అరుపులతో వెక్కిరించారు. బ్రెషాలో ఆ అంకాన్ని రెండుగా విడదీశారు.

పింకర్టన్ పాత్రకు పేరున్న టెనర్ (హెచ్చు స్థాయిలో పాడే పురుష గాయకుడు), తక్కువ వ్యవధి, కొత్త ప్రేక్షకులు ఉంటే బ్రెషా బాట మేలు. ఒపెరా తెలిసిన శ్రోతలు, తగినంత సాధన ఉన్నచోట మిలాన్ ప్రతినే ఎంచుకోవాలి. 2016లో లా స్కాలా అదే చేసింది.