‘బీన్స్’ బటన్ ఒక్కటి లేకపోతే: ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్, కొన్నేళ్ళ వాడకం తర్వాత

ఈ కుక్కర్‌లో నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే, ముందు ప్యానెల్ మీదున్న ‘బీన్స్’ బటన్‌కి. లీటర్లు, వాట్లు అన్నిచోట్లా రాసే ఉంటాయి కాబట్టి ఆ జోలికి పోను. పెసలకీ, బొబ్బర్లకీ, శనగలకీ, రాజ్మాకీ, ఉలవలకీ కలిపి ఒకటే బటన్, ఒకటే టైము: 30 నిమిషాలు. నానిన బొబ్బర్లు అంతసేపు ఉంటే ముద్దయి కూర్చుంటాయి. నానని ఉలవలకి అది ఏ మూలకీ చాలదు. వంటింటి మొహం చూసినవాళ్ళెవరైనా ఇలాంటి బటన్ పెడతారా?

కొన్న కొత్తలో మాత్రం కనిపించినవాళ్ళందరికీ కొనుక్కోమని చెప్పాను. అప్పుడు విజయవాడలో ఉండేవాళ్ళం. రాత్రి శనగలు నానబోసి, పొద్దున్నే బటన్ నొక్కి స్నానానికి పోతే, వచ్చేసరికి పని సగం అయిపోయేది. పొయ్యి దగ్గర నిలబడి కూతలు లెక్కపెట్టే గోల లేదు. మా అత్తయ్యకి అదే అనుమానం. “కూతే రాకపోతే ఉడికిందని ఎట్టా తెలుస్తుందమ్మాయ్?” అనేవారు. తిన్నాక ఒప్పుకున్నారు గానీ, ఇప్పటికీ పక్కన నిలబడి చెవి ఒగ్గి వింటుంటారు. ఆ రోజుల్లో నేను మెషిన్‌కి ఇచ్చిన మార్కుల్లో సగం కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళవి.

హైదరాబాద్ శివారుకి మారాం. ఇక్కడ బోరు, లేదంటే ట్యాంకరు. అవే శనగలు, అదే బటన్, తింటే మాత్రం నడుమ పలుకు. సరే, ఇంకో పది నిమిషాలు పెడితే సరిపోతోందిలే అని నడిపించాను, శ్రావణమాసం వచ్చేదాకా.

వరలక్ష్మీ వ్రతం మర్నాడు ఎవరింట్లో చూసినా వాయనం శనగలే కదా. మా అపార్ట్‌మెంట్‌లో పేరంటాలు ఎక్కువ, వచ్చినవన్నీ కలిపితే పెద్ద గిన్నెడయ్యాయి. గుగ్గిళ్ళు చేసి కింద వాచ్‌మన్ వాళ్ళకి కూడా పంపిద్దామని అన్నీ ఒకేసారి పోసి బటన్ నొక్కాను. మూత తీసి చూస్తే కొన్ని తొక్క ఊడి పిండైపోయాయి, కొన్ని పర్వాలేదు, కొన్నేమో గోలీకాయల్లా అలాగే ఉన్నాయి. ఒకే గిన్నె, ఒకే నీళ్ళు, ఒకే టైము. మళ్ళీ పెట్టాను. మెత్తబడినవి నీళ్ళలో కలిసిపోయాయి తప్ప గట్టివి ఇసుమంతైనా కదల్లేదు. ఇక చిల్లుల గరిటెతో గట్టివి ఏరి, చిటికెడు వంటసోడా వేసి మూడోసారి పెడితే దారికొచ్చాయి. మిగిలిన ముద్దలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కూర అనిపించాను. వాచ్‌మన్ వాళ్ళకి అరటిపళ్ళు వెళ్ళాయి.

కారణం పాత సరుకు. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న గింజ మొండికేస్తుంది. దాని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ వేడికి తేలిగ్గా కరగదు. రాత్రంతా నాని చక్కగా ఉబ్బినా అంతే. వాయనం ఇచ్చినావిడని “మీ డబ్బాలో శనగలు ఎప్పటివండీ” అని అడగలేం కదా! దానికి తోడు బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌నే పట్టుకుని ఇంకా బిగిస్తాయి.

అందుకని ఇప్పుడు నానబెట్టడానికీ, ఉడకబెట్టడానికీ ఫిల్టర్ నీళ్ళే. నానబెట్టేటప్పుడే కాస్త ఉప్పు కూడా. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చిన్నప్పటి నుంచీ వింటున్నదే గానీ, నానే నీళ్ళలో వేస్తే తొక్క మెత్తగా వస్తోంది. నిజంగా ఉడకనివ్వనిది చింతపండు. మా ఇంట్లో ఉలవచారుకి పులుపు పడేది కట్టు వార్చాకే.

‘బీన్స్’ బటన్ మానేసి, టైము నేనే పెట్టుకుంటున్నాను. నానిన నల్ల శనగలకి 35 నిమిషాలు, ఉలవలకి 45, ఆవిరి దానంతటది దిగేదాకా మూత జోలికి పోను. పొయ్యి మీది కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇలాంటి ఎలక్ట్రిక్‌వి చాలావరకు 115 దగ్గరే ఆగుతాయి, అందుకే పాత లెక్కలు దీనికి పనికిరావు. పైగా టైము మొదలయ్యేది లోపల ప్రెషర్ పట్టాకే కాబట్టి, 35 అంటే గంట పైమాటే. సగానికి మించి నింపితే నురగ వాల్వ్‌లోకి ఎక్కుతుంది. ఒక చెంచా నూనె వేస్తే కొంత నయం. రబ్బరు రింగుకి మసాలా వాసన పట్టేసి పాయసంలో తేలుతుంది, దానికి మాత్రం నాకు మందు దొరకలేదు.

ఇదే ప్యానెల్ మీద ‘స్లో కుక్’ అని ఇంకొకటుంది. రాజ్మాకి అది వాడొద్దు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. అది పోవాలంటే నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లకాగాలి. సన్నటి వేడి మీద గంటలు ఉంచినా లాభం లేదు. ప్రెషర్‌లో పెడితే ఆ భయం లేదు. ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా రాయలేదు.

ఉలవచారు విషయంలో మాత్రం దీనికి వంక పెట్టలేను. అత్తయ్య పొయ్యి మీద గంటలు గంటలు కాచే కట్టు, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా చిక్కగా దిగుతోంది.

కరెంటు పోతే మా మెషిన్ ఎక్కడున్నదీ మర్చిపోతుంది, తిరిగొచ్చాక మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. మా బిల్డింగ్‌లో జనరేటర్ ఉంది, పొద్దున్నే ఇద్దరం బయటపడాలి, కాబట్టి మాకిది నడిచిపోతోంది. కరెంటు నిలకడ లేనిచోట, ఇంట్లో ఒకరు ఉండేచోట కూత వేసే కుక్కరే మేలనుకుంటాను. ఇది పోతే మళ్ళీ ఇలాంటిదే కొంటానేమో, బటన్లు తక్కువున్నది దొరికితే.