బ్లడ్ క్యాన్సర్ సపోర్ట్ గ్రూప్: ఆసుపత్రిదా, జబ్బు వారీ సంఘమా, వాట్సాపా – ఏది మేలు?

సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) ఉన్న మనిషి రోజూ మాత్ర వేసుకుని ఆఫీసుకు వెళ్లొస్తుంటాడు. అతని బెంగంతా రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చూపే, మూడు నెలలకోసారి వచ్చే పీసీఆర్ రిపోర్టు గురించే. వేగంగా ముదిరే ఏఎంఎల్ అని తేలిన మనిషి కొద్ది రోజుల్లోనే వార్డులో చేరతాడు, మొదటి విడత కీమోకే దాదాపు నెల రోజులు అక్కడ ఉండాలి. మైలోమా (ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్) వాళ్లకు ఎముకల నొప్పులు, కిడ్నీల గొడవ. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ ఏఎల్ఎల్, అది వచ్చిన పిల్లల చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. నెమ్మదిగా సాగే మరో రకం సీఎల్ఎల్‌లో కొందరికి అసలు మందే మొదలుపెట్టకుండా ఏళ్ల తరబడి పరీక్షలతో గమనిస్తూ ఉంటారు. వీళ్లందర్నీ ‘బ్లడ్ క్యాన్సర్’ అనే ఒక్క పేరు కింద కూర్చోబెడితే ఒకరి మాట ఇంకొకరికి పనికిరాదు, ఒక్కోసారి చేటు కూడా చేస్తుంది. “నాకు మాత్రలతోనే తగ్గింది, కీమో ఎందుకు?” అని సీఎంఎల్ పేషెంటు ఏఎంఎల్ కుటుంబంతో అనడం గ్రూపుల్లో తరచూ జరిగేదే. అన్న మనిషిది మంచి మనసే, జబ్బే వేరు.

అందుకని గ్రూప్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అక్కడ మీ జబ్బు రకం, మీ చికిత్స దశలో ఉన్నవాళ్లు ఉన్నారా అన్నది. తర్వాత దాన్ని ఎవరు నడుపుతున్నారు, ఆ తర్వాత ఏ భాషలో. ఫోన్లోనా, ఎదురెదురుగానా అన్నది చివరి సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎవరో వాట్సాప్ లింకు పంపారని చేరిపోతారు.

ఆసుపత్రిలో జరిగే మీటింగులు

ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా, ఇంకో ప్రైవేటు ఆసుపత్రి, ఎక్కడ చూపించుకుంటున్నా ఈ విషయం ముందుగా అడగాల్సింది డాక్టర్ని కాదు. ఓపీలో ఆయన దగ్గర ఉండే నాలుగు నిమిషాలు రిపోర్టులకే చాలవు. మెడికల్ సోషల్ వర్కర్ ఎవరో కనుక్కుని అడగండి. బోన్‌మ్యారో మార్పిడి యూనిట్ ఉన్నచోట ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని అడగండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ల దగ్గరుండే ఆరోగ్యమిత్రకు పథకం కాగితాల సంగతి బాగా తెలుస్తుంది, గ్రూపుల సంగతి తెలియకపోవచ్చు. అడిగే మాట కూడా ముఖ్యం. “సపోర్ట్ గ్రూప్ ఉందా?” అంటే “లేదండీ” అనేస్తారు. “మా నాన్నగారి జబ్బే ఉండి, చికిత్స అయిపోయి, మాతో మాట్లాడటానికి ఒప్పుకునే పేషెంటు ఎవరైనా ఉన్నారా?” అనడిగితే చాలా చోట్ల ఒక పేరు దొరుకుతుంది. నంబరు వాళ్లు వెంటనే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ముందు అవతలివాళ్లను అడిగి, వాళ్ల చేతే మీకు ఫోన్ చేయిస్తే అది పద్ధతి తెలిసిన చోటని అర్థం.

ఆసుపత్రి గ్రూపులో లాభం ఏమిటంటే అందరూ ఒకే డాక్టర్ల దగ్గర, ఇంచుమించు ఒకే రకం చికిత్సలో ఉంటారు. తప్పుడు మాట ఎవరైనా అంటే సరిచేసే మనిషి ఆ గదిలోనే ఉంటాడు. నష్టం కూడా అక్కడే ఉంది. సిబ్బంది ఎదురుగా బిల్లు గురించి, రెండో డాక్టర్ అభిప్రాయం గురించి ఎవరూ నోరు విప్పరు. పైగా కొన్నిచోట్ల మీటింగ్ అంటే డాక్టర్ గారి స్లైడ్లు, సన్మానం, సమోసా, గ్రూప్ ఫోటో. అది ఆరోగ్య ఉపన్యాసం. తేడా కనుక్కోవడం తేలికే: గంటలో ఎక్కువసేపు మాట్లాడింది పేషెంట్లా, మైకు పట్టుకున్నవాళ్లా? పది పన్నెండు మందికి మించితే మనసు విప్పి మాట్లాడటం ఎలాగూ కుదరదు.

దూరం ఇంకో సమస్య. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో నెలనెలా మీటింగుకని రావడం అయ్యే పని కాదు. రివ్యూ తేదీని మీటింగు రోజుకు కలిపి వేయమని అడిగితే చాలామంది డాక్టర్లు కాదనరు. కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) బాగా పడిపోయి ఉన్నప్పుడు మాత్రం, ముఖ్యంగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువుంటే, పదిమంది ఉన్న గదిలోకి వెళ్లొద్దు. మార్పిడి అయిన మొదటి 100 రోజులూ అంతే. అలాంటప్పుడు అటెండెంట్ వెళ్లి వింటే సరిపోతుంది. నిజానికి ఎక్కువ ప్రశ్నలుండేది కూడా వాళ్లకే.

జబ్బు రకం వారీ సంఘాలు

సీఎంఎల్ వాళ్లకు ఈ విషయంలో మన దేశంలో అదృష్టం ఉంది. 1997లో మొదలైన మ్యాక్స్ ఫౌండేషన్ గ్లివెక్ (ఇమాటినిబ్) మందును పేషెంట్లకు ఉచితంగా చేర్చిన కార్యక్రమం చుట్టూ ‘ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్’ అనే పేషెంట్ల బృందం పెరిగింది. సీఎంఎల్, జిస్ట్ (జీర్ణాశయం, పేగుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ గడ్డ) అనే రెండు జబ్బులవాళ్లే అందులో ఉంటారు. ఇంత ఇరుకైన పరిధే దాని బలం. కళ్ల కింద పొద్దున్నే కనిపించే వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, ఇమాటినిబ్ మాత్ర అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోకపోతే కడుపులో తిప్పడం – ఇవి వివరించి చెప్పుకోనక్కర్లేదు, సగం మాటలోనే అవతలివాళ్లకు అర్థమవుతుంది. ఇలాంటి గ్రూపు ముఖ్యంగా చేసే మేలు మాత్ర మానకుండా చూడటం. ఒంట్లో బాగుంది కదా అని వారంలో రెండు రోజులు వదిలేసేవాళ్లు ఎందరో, జబ్బు మళ్లీ తలెత్తే దారి అదే.

ఇక్కడా ఒక చిక్కు ఉంది. పీసీఆర్ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం. ఒక ల్యాబు ‘ఐఎస్’ అనే అంతర్జాతీయ కొలతలో ఇస్తుంది, ఇంకోటి ఇవ్వదు. ఆ రెండు అంకెల్ని పోల్చి ఒకరు కుంగిపోవడం, ఇంకొకరు పొంగిపోవడం అనవసరం. అలాగే కొందరు డాక్టర్ పర్యవేక్షణలో మాత్ర ఆపి బాగానే ఉంటారు. ఏళ్ల తరబడి రిపోర్టులు లోతుగా తగ్గి నిలిచినవాళ్లకు, ఆపాక తరచూ పరీక్షలు చేయించుకోగలిగినవాళ్లకు సంబంధించిన మాట అది. గ్రూపులో విని సొంతంగా ఆపేయడానికి కాదు.

ఏఎంఎల్, ఏఎల్ఎల్, మైలోమా, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వాళ్లకు తెలుగులో ఇంత గట్టి సంఘం దొరకడం కష్టం. దేశవ్యాప్త గ్రూపుల్లో మాటలు ఇంగ్లిష్, హిందీల్లో నడుస్తాయి. కర్నూలు నుంచి వచ్చిన తల్లికి అది పనికిరాదు, ఇంట్లో ఎవరో విని చెప్పాలి.

పిల్లల సంగతి వేరుగా చూడాలి. బయటి ఊళ్ల నుంచి చికిత్సకు వచ్చే కుటుంబాలకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ ఉచితంగా బస ఇస్తుంది, హైదరాబాద్‌లోనూ ఉంది. అది పేరుకు వసతి. కానీ ఉమ్మడి వంటగదిలో నలుగురు అమ్మలు ఎవరి పొయ్యి మీద వాళ్లు వండుకుంటూ, నోట్లో పుండ్లకు పిల్లాడికి ఏం పెట్టాలో, పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టినచోట స్నానం ఎలా చేయించాలో ఒకరికొకరు చెప్పుకుంటుంటే అంతకు మించిన సపోర్ట్ గ్రూప్ ఉండదు. ఆసుపత్రి సోషల్ వర్కర్ ద్వారానే దీనికి అడగాలి.

వాట్సాప్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్

అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు, తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, చదువు రాకపోయినా ఫర్వాలేదు. ఈ మూడూ చిన్న లాభాలేమీ కాదు. ప్లేట్‌లెట్ దాతల కోసమైతే దీన్ని మించింది లేదు. కాకపోతే “అర్జెంట్ బ్లడ్ కావాలి, షేర్ చేయండి” అని మాత్రమే రాస్తే పని జరగదు. మెసేజ్‌లో ఉండాల్సినవి: ఏ బ్లడ్ గ్రూప్, మామూలు రక్తమా ఎస్‌డీపీనా (ఒకే దాత నుంచి యంత్రంతో తీసే ప్లేట్‌లెట్లు), ఏ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు, ఏ తేదీకి, ఎవరికి ఫోన్ చేయాలి. ఎస్‌డీపీకి దాత గంటన్నర దాకా కూర్చోవాలని, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదని కూడా రాయండి. సేకరించిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, అందుకే తేదీ లేని మెసేజ్‌తో దాతలు వచ్చినా ఉపయోగం ఉండదు. దాత దొరకగానే “దొరికారు” అని రాసి పాత మెసేజ్ డిలీట్ చేయండి, లేకపోతే అది ఆరు నెలల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. ఇంకో మాట. మార్పిడి జరిగే అవకాశం ఉన్న పేషెంటుకు అన్నదమ్ములు, అమ్మానాన్నలు రక్తం ఇచ్చే ముందు డాక్టర్ని అడగాలి. వాళ్ల రక్తం ఎక్కిస్తే పేషెంటు ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, రేపు వాళ్ల మూలకణాలే ఎక్కించాల్సి వస్తే ఇబ్బంది కావచ్చు.

సలహాల విషయంలో మాత్రం ఈ గ్రూపులు మిగతా అన్నిటికంటే ప్రమాదం. బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం, తిప్పతీగ, కషాయాలు రోజూ దర్శనమిస్తాయి. కౌంట్స్ లేని మనిషికి పచ్చి ఆకుల రసం అంటే ఇన్ఫెక్షన్‌ను చేతికందించడమే. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, అయినా గ్రూపులోకి అలాంటి లింకులు వస్తూనే ఉంటాయి. అడ్మిన్ ఒక రోజులోగా తీసేయకపోతే ఆ గ్రూపును వదిలేయొచ్చు. “జ్వరానికి డోలో వేసి రేపు చూద్దాం” అనే మాట అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కీమోలో ఉన్న మనిషికి 100.4 ఫారన్‌హీట్ దాటితే గ్రూపులో అడగడం కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మిగిలిపోయిన మాత్రలు ఇస్తాం, తక్కువకు అమ్ముతాం అనేవాళ్లూ తగులుతారు. మైలోమాకు వాడే లెనాలిడోమైడ్ గర్భంలోని శిశువుకు హాని చేసే మందు, అది చేతులు మారే వస్తువు కాదు.

గోప్యత గురించి చూస్తే, వాట్సాప్ గ్రూపులో చేరగానే మీ నంబరు అందరికీ కనిపిస్తుంది. టెలిగ్రామ్‌లో దాచుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో పబ్లిక్ గ్రూపులో కామెంట్ పెడితే చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ కనబడొచ్చు, ప్రైవేట్ గ్రూపయితేనే రాయండి. రిపోర్టు ఫోటో పెట్టేముందు పేరు, ఆసుపత్రి ఐడీ, ఫోన్ నంబరు ఉన్న పైభాగం కత్తిరించండి. సాయం అడిగిన రోజు సాయంత్రమే “ఫండ్ రైజింగ్ చేసిపెడతాం, ఓటీపీ చెప్పండి” అని ఫోన్లు రావడానికి కారణం ఆ పైభాగమే. ఇంట్లో పెద్దాయనకు జబ్బు పేరు చెప్పని కుటుంబాలు మన దగ్గర చాలా ఉంటాయి. అలాంటప్పుడు ఆయన చేతికి వెళ్లే ఫోన్లో లాక్ స్క్రీన్ నోటిఫికేషన్లు తీసేయండి, గ్రూపు పేరులోనే ‘క్యాన్సర్’ అని ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు

1949లో మొదలై, మొన్నటిదాకా లుకేమియా అండ్ లింఫోమా సొసైటీగా తెలిసిన సంస్థ 2025 నుంచి బ్లడ్ క్యాన్సర్ యునైటెడ్. అందులో అదే జబ్బు దాటివచ్చిన వలంటీరుతో ఫోన్లో ఒక్కరితో ఒక్కరు మాట్లాడే ఏర్పాటు ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు తెలుగు సంఘం గ్రూపుకంటే ముందు దీన్ని వాడుకోవడం మేలు, ఊరందరికీ తెలుస్తుందన్న భయం ఉండదు. ఇక్కడున్నవాళ్లు అక్కడి మీటింగుల్లో చేరాలంటే వాళ్ల సాయంత్రం ఏడు మనకు తెల్లవారుజాము. వాళ్ల ఇన్సూరెన్స్ కబుర్లు, మందుల పేర్లు మన బిల్లుకు అతకవు కూడా.

ఎవరికి ఏది

ఏఎంఎల్, ఏఎల్ఎల్ మొదటి నెలలో ఏ గ్రూపూ వద్దు. ఒక్క మనిషి చాలు, సోషల్ వర్కర్ ద్వారా దొరికిన పాత పేషెంటు. ఆ నెలలో వందమంది ఉన్న గ్రూపులో వరసగా కనిపించే ‘ఓం శాంతి’ మెసేజ్‌లు పేషెంటుకూ అటెండెంటుకూ తట్టుకోలేనివి. దాతల కోసం కావాలంటే బంధువుల్లో ఒకరు, ఆసుపత్రికి రాని మనిషి, ఆ గ్రూపులో ఉంటే చాలు. సీఎంఎల్ వాళ్లకు జబ్బు వారీ సంఘం నిస్సందేహంగా మొదటిది. మార్పిడి అయినవాళ్లకు అదే యూనిట్ గ్రూపు. మైలోమా, లింఫోమా వాళ్లు ఆసుపత్రి మీటింగుతో మొదలుపెట్టి, అక్కడ పరిచయమైన ఐదారుగురితో సొంతంగా చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే పెద్ద గ్రూపుల గొడవ తప్పుతుంది.

నిద్ర పట్టక, బతకాలనిపించక ఉన్న రాత్రి గ్రూపులో రాసి జవాబు కోసం చూడొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏ గ్రూపులో చేరినా మొదటి వారం ఏమీ రాయకుండా చదవండి. ప్రశ్నకు “మీ డాక్టర్ని అడిగారా?” అనే జవాబు ఎన్నిసార్లు వస్తోంది, అడ్మిన్ పేరు ఊరు చెప్పుకుంటున్నారా, డబ్బు మాట ఎప్పుడు వచ్చింది – ఈ మూడూ చూస్తే సగం తేలిపోతుంది. చదివిన ప్రతిసారీ ముందుకంటే భయం పెరుగుతోందంటే వచ్చేయడమే. ఇప్పుడు వాట్సాప్‌లో గ్రూపు వదిలితే వెంటనే తెలిసేది అడ్మిన్లకే, అందరికీ మెసేజ్ వెళ్లదు. ఎందుకు వెళ్తున్నారో ఎవరికీ చెప్పనక్కర్లేదు.