ఎం-11/9లో బరువు బోల్ట్: ఆరేళ్లు వాడాక

ఎం-11/9 అంటే చేతిలో ఇమిడే చిన్న మెషిన్‌గన్. కొన్న కొత్తలో ట్రిగ్గర్ నొక్కి ‘అబ్బా’ అనేలోపు 32 రౌండ్ల మ్యాగజైన్ ఖాళీ. తూటాల డబ్బు నీళ్లలా పోయేది, అట్ట మీద చూస్తే నాలుగో ఐదో చిల్లులు. సరదా రెండు వారాల్లో తీరిపోయింది.

నేనుండేది టెక్సస్‌లో. అమెరికాలో మామూలు మనిషి కొనుక్కోగలిగేది 1986 మే 19కి ముందు రిజిస్టరైన మెషిన్‌గన్‌నే. ఈ తుపాకీలో రిజిస్ట్రేషన్ రిసీవర్‌కి (తుపాకీ అసలు చట్రం), బోల్ట్‌కి (ముందుకీ వెనక్కీ కదులుతూ తూటాని గొట్టంలోకి నెట్టే ఇనుపముక్క) కాదు. కాబట్టి వేగం తగ్గించుకోవడానికి బోల్ట్ మార్చుకోవచ్చు. (ఈ సంగతి ఊళ్లో బాబాయికి చెబితే ‘ఇంట్లో ఎలా పెట్టుకోనిస్తార్రా’ అని ఒకటే టెన్షన్. మన దేశంలో అది నిషిద్ధ ఆయుధం మరి.)

నేను తీసుకున్నది పొడవాటి అప్పర్‌తో (బోల్ట్ కదిలే పైభాగం) వచ్చిన బరువు బోల్ట్ సెట్. తుపాకీతో వచ్చిన అసలు పైభాగం చాలా చిన్నది, అందులో బరువు పెంచడానికి చోటే లేదు. ఇలాంటి తుపాకీలో బోల్ట్‌ని వెనక్కి తోసేది తూటా తన్నే తన్నుడే. బోల్ట్ బరువైతే అదే తన్నుకి నిదానంగా కదులుతుంది. కొత్త తెలివేమీ కాదు. అమెరికా నౌకాదళం కోసం 1928లో థాంప్సన్ సబ్‌మెషిన్‌గన్‌కి బరువైన యాక్చువేటర్ (బోల్ట్‌తో పాటు కదిలే ముక్క) వేసి ఇలాగే వేగం తగ్గించారు.

ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి లెక్కేశాను. పది రౌండ్లకి మధ్య ఖాళీలు తొమ్మిది. పాత బోల్ట్‌తో ఆ తొమ్మిదీ 0.46 సెకనులో అయిపోయాయి, అంటే నిమిషానికి 1,170 పైచిలుకు. కొత్తదానితో 0.78 సెకను, అంటే దాదాపు 690. అమెరికా సైన్యం వాడిన గ్రీజ్ గన్ ఎం3లా 450కి దిగదు గానీ, ఇప్పుడు దెబ్బ దెబ్బకీ విడిగా వినిపిస్తుంది. వేలు తీస్తే రెండు రౌండ్లకే ఆగుతుంది. అట్ట మీద చిల్లుల గుంపు అరచేయంత చోటులోనే పడుతోంది.

ఒక ఇబ్బంది ఉంది. ఓపెన్ బోల్ట్ (ట్రిగ్గర్ నొక్కేదాకా బోల్ట్ వెనకే ఆగి ఉండే రకం) కాబట్టి అంత ఇనుము ముందుకొచ్చి కొట్టుకోగానే గొట్టం కాస్త తల వంచుతుంది. అందుకే మొదటి రౌండ్ ఎప్పుడూ కిందికే.

అసలు భయపెట్టింది రెండో ఏడు చలికాలం. చవగ్గా దొరికిందని మందు పీలగా నింపిన తూటాలు వాడాను. ట్రిగ్గర్ వదిలేశాక కూడా నాలుగు రౌండ్లు పేలాయి! బోల్ట్ వెనక్కి వచ్చింది గానీ సియర్‌కి (బోల్ట్‌ని వెనక పట్టి ఆపే కొక్కెం) తగులుకునేంత దూరం రాలేదు. తర్వాతి తూటాని మాత్రం లాక్కుపోయింది. గొట్టం మట్టికట్ట వైపే ఉంది కాబట్టి సరిపోయింది, చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. ఆ డబ్బా అక్కడితో పక్కన పెట్టేశాను. అప్పట్నుంచి కొత్త రకం తూటా ఏది తెచ్చినా మ్యాగజైన్‌లో ముందు రెండే వేసి చూస్తాను.

దాదాపు తొమ్మిది వేల రౌండ్లు కాల్చాను. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగుని లాగే కొక్కెం) ఒకసారి విరిగింది, బఫర్ (వెనక్కొచ్చే బోల్ట్ దెబ్బని ఆపే మెత్త) రెండుసార్లు మార్చాను. బోల్ట్ ముఖం మీద మెరుపు తప్ప అరుగుదల లేదు. పాత బోల్ట్‌ని నూనెగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. రేపు అమ్మాల్సొస్తే కొనేవాడు ముందు అడిగేది దాన్నే.