ఏఏ మీటింగులు: చాలా ఏళ్లుగా వెళ్తున్న ఒక సభ్యుడి సమీక్ష

హైదరాబాదు, సికింద్రాబాదుల్లో తాగుడు మానాలనుకునేవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (అందరూ ఏఏ అనే అంటారు) మీటింగు చిరునామా సంపాదించడానికి పది నిమిషాలు చాలు. ఆ మీటింగు మనల్ని వారం వారం రప్పించేలా ఉందా లేదా అన్నది తేలడానికి మాత్రం కొన్ని నెలలు పడుతుంది. చాలా ఏళ్లుగా హాజరవుతున్న నేను ఈ సమీక్షలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ ఎంపిక గురించే. పేరు రాయకపోవడం ఈ సంఘం సంప్రదాయం కాబట్టి నా పేరు రాయడం లేదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే, ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో ఈ సంఘం మొదలైంది. ఫీజు లేదు, రిజిస్టరులో సంతకం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. చివర్లో ఒక సంచి తిప్పుతారు, ఇష్టమున్నవారు తోచినంత వేస్తారు. బయటివారి విరాళాలు పుచ్చుకోరు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ డబ్బు అడగలేదు.

ఇక వెతకడం సంగతి. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక జాబితాను నమ్మి వెళ్తే తాళం వేసిన గది ఎదురైంది. ఆ గ్రూపు ఎప్పుడో వేరే చోటికి మారిపోయిందట. అందుకే బయలుదేరే ముందు ఏఏకి ఫోన్ చేయడం తప్పనిసరి అంటాను. అవతల ఫోన్ తీసేది జీతానికి పనిచేసే ఉద్యోగి కాదు, మనలాగే తాగి మానేసిన సభ్యుడు, కనుక మొహమాటం అక్కర్లేదు. మీటింగు ఏ భాషలో నడుస్తుందో, అది ఎవరైనా వచ్చి కూర్చోగల ఓపెన్ మీటింగో, తాగుడు సమస్య ఉన్నవారికే పరిమితమైన క్లోజ్డ్ మీటింగో అడగాలి. చాలా గ్రూపులు చర్చి ఆవరణలోనో బడి గదిలోనో అద్దెకు కూర్చుంటాయి. చర్చి అనగానే మా ఇంట్లోవాళ్లు మతం మార్పిస్తారేమోనని భయపడ్డారు, కానీ గది ఇచ్చినంత మాత్రాన అది చర్చి కార్యక్రమం కాదు. లోపల గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్ల పటం గోడ మీద, చిన్న పేపర్ కప్పుల్లో టీ తప్ప మరేమీ కనిపించదు.

ఎంపికలో భాషకే నేను మొదటి స్థానం ఇస్తాను. ఇంగ్లీషులో నడిచే గ్రూపులో నాకు అంతా అర్థమయ్యేది, నా వంతు వచ్చినప్పుడు చక్కగానే మాట్లాడేవాణ్ణి కూడా, అయినా అది ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇచ్చినట్టే ఉండేది. తెలుగు మీటింగులో "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, జీతం రాలేదని ఇంట్లో చెప్పి ఆ డబ్బు ఎక్కడ తగలేశానో చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పెగల్లేదు. ఏ భాషలో అబద్ధాలు చెప్పామో ఆ భాషలోనే నిజం చెప్పడం కష్టం, ఉపయోగం కూడా అందులోనే ఉంది. రెండోది వేళ. ఇంటికి దగ్గరగా ఆదివారం ఉదయం జరిగే మీటింగు కన్నా, దూరమైనా సాయంత్రం ఏడు గంటలకు జరిగేది నాకు ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే వైన్ షాపు వైపు కాళ్లు లాగేది సరిగ్గా ఆ గంటలోనే. ఊళ్లు తిరిగేటప్పుడు ఆన్‌లైన్ మీటింగులు ఆదుకున్నాయి, కానీ కెమెరా ఆపేసి దాక్కోవడం వాటిలో మరీ తేలిక.

లోపాలు లేకపోలేదు. నేను చూసిన గ్రూపుల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. ఒంటరిగా వచ్చిన స్త్రీకి ఆ గది ఇబ్బందిగా అనిపించవచ్చు. దేవుడి ప్రస్తావన ఎక్కువే, ఎవరికి తోచిన దేవుణ్ణి వారు అనుకోవచ్చని చెప్పినా నాస్తికులకు అది మింగుడు పడదు. ఒక గ్రూపులో పాత సభ్యుడొకరు కొత్తగా వచ్చినవారికి డాక్టరు రాసిన మాత్రలు మానేయమని సలహా ఇవ్వడం విన్నాను. ఇది ప్రమాదకరం, సభ్యులెవరూ డాక్టరు పాత్ర వహించకూడదని ఏఏ ప్రచురణలే చెబుతున్నాయి. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివారు ముందు ఆసుపత్రికి వెళ్లాలి, మీటింగు ఆ తర్వాత. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 అనే ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇదంతా నమ్మకం మీద నడిచే వ్యవహారమేనా అని అడిగేవారికి ఒక మాట. 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, మనుషుల్ని ఏఏ వైపు ఒక పద్ధతి ప్రకారం నడిపించే చికిత్సలు పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర ప్రధాన చికిత్సల కంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. అయితే అందరికీ పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, వచ్చి వెళ్లిపోయినవారిని నేనే చాలామందిని చూశాను.

కొత్తగా వెళ్లేవారు కనీసం మూడు నాలుగు గ్రూపులు చూసి గాని నిర్ణయానికి రావద్దు. స్పాన్సరును, అంటే కొత్తవారికి తోడుగా నిలిచే పాత సభ్యుణ్ణి, కూడా మొదటి వారమే ఎంచుకోనక్కర్లేదు. రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడే మనిషెవరో కొద్దికాలంలో తెలుస్తుంది. తాగే మనిషి ససేమిరా రానంటే, ఆ ఇంట్లోవారి కోసం 1951 నుంచి అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. దానికి వెళ్లడానికి ఆయన అనుమతి గాని, ఆయన మానేయడం గాని అవసరం లేదు.