లీమా, కుస్కో: పెరూలో మా మొదటి నాలుగు రోజులు

మేం వెళ్ళింది ఆగస్టులో. మనకి వానలు, వాళ్ళకి చలికాలం. పెరూ, అర్జెంటీనా, బ్రెజిల్ కలిపి చూపించే గ్రూప్ టూర్. మొత్తం 26 మందిమి, ఎక్కువమంది ముంబై, పూనా వాళ్ళు. తెలుగువాళ్ళం మేమిద్దరమే. అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి తీసుకున్న అమెరికా వీసాకి ఆరు నెలల పైన గడువుంది కాబట్టి పెరూకి వేరే వీసా అక్కర్లేకపోయింది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం తప్పదు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆ కార్డు అడుగుతారు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మేం హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఐపీఎంలో వేయించుకున్నాం.

హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్, అక్కణ్ణుంచి పన్నెండు గంటల పైచిలుకు మరో విమానం. లీమాలో దిగేసరికి మా ఇద్దరికీ రాత్రో పగలో తెలియని స్థితి. మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా మరి. ఆకాశం చూస్తే సూర్యుడి జాడే లేదు. చలికాలం నెలల్లో లీమా అంతే. దుప్పటి కప్పినట్టు బూడిదరంగు మబ్బు, వానా కాదు మంచూ కాదు అన్నట్టు సన్నటి తుంపర. దాన్ని వాళ్ళు గరూవా అంటారు. ఆకాశాన్నైతే ‘గాడిద పొట్ట రంగు’ అంటారట. పక్కనే సముద్రం, అయినా వాన దాదాపు పడదు. తీరం వెంట పారే చల్లటి హంబోల్ట్ ప్రవాహం వల్ల ఊరు ఎడారిలానే ఉండిపోయింది. మోసుకెళ్ళిన రెండు గొడుగులూ పెట్టెలోంచి బయటికి రాలేదు.

హోటల్ మీరాఫ్లోరెస్ పేటలో ఇచ్చారు. గది కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. కాఫీ పెట్టుకుందామంటే కెటిల్ లేదు. అయినా ఆ హోటల్ మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే పది నిమిషాలు నడిస్తే కొండ అంచు, కింద పసిఫిక్. అంచు వెంబడే పార్కులు, అర్ధరాత్రి దాకా జనం. కాస్త చిన్న గదైనా సరే, లీమాలో ఈ పేటలోనే ఉండాలని నా అభిప్రాయం. కెటిల్ మాత్రం మనదే పట్టుకెళ్ళాలి. అక్కడా 220 వోల్టులే. కుళాయి నీళ్ళు తాగకూడదు.

రెండో రోజు పాత లీమా. 1535లో స్పానిష్ సేనాని పిసారో ఈ ఊరిని స్థాపించిన చోటు ప్లాసా మయోర్. చుట్టూ పసుపు రంగు భవనాలు, వాటికి చెక్కతో మూసేసిన బాల్కనీలు. లోపలున్న ఆడవాళ్ళు వీధిని చూడొచ్చు, వీధికి వాళ్ళు కనపడరు. అక్కడ గంటసేపు కూర్చోవాలనిపించింది. మాకిచ్చింది 20 నిమిషాలు, అందులో పదిహేను గ్రూప్ ఫోటోకి పోయాయి. శాన్ ఫ్రాన్సిస్కో మఠం కింద నేలమాళిగలు చూపించారు. వేలమంది ఎముకల్ని ఒక బావిలో ముగ్గు వేసినట్టు వలయాలుగా పేర్చి పెట్టారు. కప్పు తక్కువ ఎత్తు, వంగి నడవాలి, ఫోటోలు తీయనివ్వరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైన లైబ్రరీ చూసి ఆగిపోవచ్చు, నష్టమేం లేదు.

ఇక్కడే మా మొదటి పేచీ. మధ్యాహ్నం ‘ఇండియన్ లంచ్’ కోసం ఆ ట్రాఫిక్‌లో గంటకు పైగా బస్సులో తిప్పారు. తిన్నది దాల్, పనీర్, మాడిన నాన్. తిరిగొచ్చేసరికి మూడున్నర. ప్రోగ్రాంలో ‘ఫుల్ డే లీమా’ అని ఉంది, మిగతా సగం పూటా ‘షాపింగ్, విశ్రాంతి’ అన్నారు. మా మేనేజర్ మర్యాదస్తుడే, పాపం, ఆయన చేతిలో ఏముంది! కానీ ఇంత దూరం వచ్చింది బీరకాయ కూర దొరకలేదని బెంగపడడానికి కాదు కదా.

“ఏమండీ, మనం మట్టి పిరమిడ్ చూసొద్దామా?” అన్నాను.

“నువ్వు పడుకోవన్నమాట,” అన్నారు ఈయన, చెప్పులేసుకుంటూనే.

ఆ పిరమిడ్ పేరు వాకా పుక్యానా. హోటల్ నుంచి టాక్సీలో ఐదు నిమిషాలు. అపార్ట్‌మెంట్ల మధ్య అంత పెద్ద మట్టిదిబ్బ! స్పానిష్ వాళ్ళు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాలకి ఎన్నో శతాబ్దాల ముందు, సుమారు క్రీ.శ. 200-700 మధ్య కట్టినది. పచ్చి ఇటుకల్ని అడ్డంగా కాక నిలువుగా, అలమరలో పుస్తకాలు సర్దినట్టు, మధ్య మధ్య సందులు వదిలి పేర్చారు. భూకంపం వస్తే ఇటుకలు ఊగి మళ్ళీ సర్దుకుంటాయి. వాన లేని ఊరు కాబట్టి పచ్చి ఇటుక కరిగిపోలేదు. మా టూర్ కంపెనీ వాళ్ళ జాబితాలో ఇది లేనే లేదు. లీమాలో నాకు గుర్తుండిపోయింది ఇదే.

తిండి విషయం ఒక్క మాట. శాకాహారులు ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు. వాళ్ళ లెక్కలో కార్నే అంటే ముఖ్యంగా బీఫ్, కోడి వేరు. ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని కోడినీ చేపనీ విడివిడిగా కాదనాలి. చీఫా అని రాసిన హోటళ్ళు సందుకొకటి ఉంటాయి. చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ వంట అది. అక్కడ కూరగాయల ‘చౌఫా’ అడిగితే వేడివేడి ఫ్రైడ్ రైస్ వస్తుంది. ఆవకాయ సీసా మన దగ్గరుండనే ఉంది.

మూడో రోజు కుస్కో. విమానంలో గంటా ఇరవై నిమిషాలు. ఊరు ఉన్నది 3,400 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు లేహ్ అంత. సముద్రమట్టం నుంచి ఒక్కసారిగా అంత పైకి వెళ్తే ఒంటికి తెలియకుండా ఉంటుందా? పదకొండింటికి దిగాం. భోజనం పెట్టి, రెండింటికల్లా ఇంకా పైకి, సాక్సైవామన్ కోటకి తీసుకెళ్ళారు. ఒక్కొక్కటి వంద టన్నులు దాటే రాళ్ళు కూడా ఉన్న గోడలు, సున్నం లేకుండా సందులేకుండా అమిరినవి. చూడాల్సిందే. కానీ నేను పది అడుగులకోసారి ఆగి ఊపిరి లెక్కపెట్టుకుంటూ చూశాను. పూనా ఆవిడకి వాంతులు. రాత్రి హోటల్లో ఇద్దరికి ఆక్సిజన్ పెట్టారు.

అదే హోటల్లో దిగిన ఇంకో గ్రూప్ వాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. అడిగితే తెలిసింది: వాళ్ళు కుస్కోలో దిగీ దిగగానే ఊళ్ళో ఆగకుండా పవిత్ర లోయకి దిగిపోయారు. ఆ లోయలోని ఓయాంటాయ్‌టాంబో 2,800 మీటర్లే. రెండు రాత్రులు అక్కడ పడుకుని, మాచుపిచ్చు చూసుకుని, చివరికి కుస్కో. మాచుపిచ్చు కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కిందే ఉందని చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. చూసే చోట్లు అవే, వరస మాత్రం వేరు. ఏ కంపెనీతో వెళ్ళినా డబ్బు కట్టే ముందు ఈ ఒక్క వరస అడగండి. ఎత్తు పడకపోతే వేసుకునే మాత్రల సంగతి మీ డాక్టరునే అడగాలి.

హోటల్ మాత్రం నాలుగు రోజుల్లోకీ ఉత్తమం. పాత స్పానిష్ ఇల్లు, మన మండువా లోగిలిలా మధ్యలో రాళ్ళు పరిచిన ముంగిలి. గొంగళ్ళు బరువుగా, వెచ్చగా ఉన్నాయి. లిఫ్ట్ లేదు. మా గదికి 22 మెట్లు, ఆ ఎత్తులో అవి రెండొందలు. కింది గది ముందే అడగాల్సింది.

నాలుగో రోజు పొద్దున్న కోరికాంచా. ఇంకాల సూర్యాలయం గోడల మీద స్పానిష్ వాళ్ళు మఠం కట్టుకున్నారు. 1950 భూకంపానికి పైన కట్టినవి చాలావరకు కూలాయి, కింది ఇంకాల రాతి గోడలు నిలబడ్డాయి. కుస్కో టూరిస్ట్ టికెట్టులో పదహారు చోట్లు కలుస్తాయి గానీ ఈ గుడి కలవదు, విడిగా కొనాలి.

మధ్యాహ్నం మేమిద్దరం శాన్ పెద్రో బజారుకి జారుకున్నాం. ఊదా, ఎరుపు, నలుపు బంగాళాదుంపల గుట్టలు. ఒక మూల గులకరాళ్ళలా నల్లగా ఏవో ఉన్నాయి. చూన్యో అట. దుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టనిచ్చి, కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. ఏళ్ళ తరబడి నిలవుంటాయి. మన వంకాయ ఒరుగులకి మంచుకొండల అక్కచెల్లెలు! పక్కనే ఎర్రగా, గుండ్రంగా క్యాప్సికం లాంటి కాయ. పేరు రొకోటో. “మన దగ్గరికి మిరపకాయ వెళ్ళిందే ఈ ఖండం నుంచి, వీళ్ళ కాయ మనల్నేం చేస్తుంది?” అంటూ ఈయన ఓ ముక్క కొరికారు. ఆ తర్వాత పావుగంట మాట్లాడలేదు. దుకాణం ముసలమ్మ నవ్వుతూ జున్నుముక్క చేతిలో పెట్టింది, డబ్బు తీసుకోలేదు.

మర్నాడు మాచుపిచ్చు రైలు. చిన్న సంచీ మాత్రమే తీసుకెళ్ళనిస్తారు. రాత్రి పెట్టెలు సర్దుతుంటే ఈయన కోటు జేబులోంచి కోకా ఆకుల పొట్లం బయటపడింది. కుస్కోలో టీ పెట్టుకుని తాగడం మామూలే, చాలా దేశాల్లోకి పట్టుకెళ్తే మాత్రం నేరం. “గుర్తుగా ఉంటాయని...” అని నసిగారు. కిందికెళ్ళి రిసెప్షన్ అమ్మాయికి ఇచ్చేయమన్నాను. ఆ 22 మెట్లూ దిగి, ఎక్కి వచ్చేసరికి ఆయాసంతో మంచం మీద కూలబడ్డారు. వెనకే ఆ అమ్మాయి వచ్చింది, అవే ఆకులు వేసిన రెండు కప్పుల వేడి టీతో.