పెన్సిల్వేనియా డ్రైవ్-ఇన్లలో పాత ఇంటర్వెల్ ప్రకటనలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

పాత సినిమా హాళ్ల ప్రకటనలు ఫోన్లో చూసినా ముచ్చటగానే ఉంటాయి. కానీ వాటిని అలా ఎందుకు తీశారో అర్థం కావాలంటే, బాగా చీకటి పడ్డాక, గడ్డి నేల మీద, కారు పక్కన కుర్చీ వేసుకుని చూడాలి. మేముండే న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో, పెన్సిల్వేనియా లీహై లోయ చుట్టుపక్కల డ్రైవ్-ఇన్లలో, అంటే కార్లో కూర్చునే సినిమా చూసే ఆరుబయటి హాళ్లలో, ఆ అవకాశం ఇంకా ఉంది. వేసవికి ఇండియా నుంచి వచ్చిన నాన్నను తీసుకుని వెళ్లాను. ఆయన కుర్రతనంలో తెనాలిలో ఒక హాల్లో ఆపరేటరుకు సాయంగా ఉండేవారు. రీళ్లు చుట్టడం, తెగిన ఫిల్ము అతకడం, ప్రొజెక్టరు దీపంలో వెలిగే కార్బన్ కడ్డీలు మార్చడం అన్నీ తెలిసిన మనిషి.

ముందు ఓర్‌ఫీల్డ్‌లోని షాంక్‌వైలర్స్‌కి వెళ్లాం. 1934లో మొదలైంది. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న డ్రైవ్-ఇన్లలో ఇదే అన్నిటికన్నా పాతది. దానికి ముందు ఏడాది, 1933 జూన్ 6న, న్యూజెర్సీలోని క్యామ్డెన్ దగ్గర రిచర్డ్ హోలింగ్స్‌హెడ్ మొట్టమొదటి డ్రైవ్-ఇన్ తెరిచాడు. వరస వరసకూ నేలను మిట్టగా చేసి, కారు ముందు చక్రాలు దాని మీదికెక్కేలా పెట్టడం ఆయన పేటెంటులోని కిటుకు. ముందు కారు అడ్డం రాదు, కూర్చున్నచోటి నుంచే తెర కనిపిస్తుంది. షాంక్‌వైలర్స్‌లో ఇప్పుడు డిజిటల్ ప్రొజెక్షన్, కొత్త సినిమాలు, మాటలు కారు ఎఫ్ఎం రేడియోలో. చిన్నపిల్లలున్నవాళ్లు కళ్లు మూసుకుని ఇక్కడికి వెళ్లొచ్చు. పాత ప్రకటనల కోసమే బయల్దేరేవాళ్లు మాత్రం ఇంకాస్త ఉత్తరానికి, లీహైటన్ దాకా వెళ్లాలి.

లీహైటన్‌లోని మహోనింగ్ డ్రైవ్-ఇన్ 1949 నాటిది. 2014 ప్రాంతంలో స్టూడియోలు ఫిల్ము ప్రింట్లు మానేసి డిజిటల్‌కి మారినప్పుడు, ఖరీదైన ప్రొజెక్టర్లు కొనలేక చాలా డ్రైవ్-ఇన్లు మూతపడ్డాయి. మహోనింగ్‌వాళ్లు తలకిందులుగా ఆలోచించారు. పాత 35 ఎంఎం ప్రొజెక్టర్లే ఉంచుకుని, పాత సినిమాలే వేస్తామన్నారు. నన్నడిగితే ఇంతకన్నా తెగువైన నిర్ణయం సినిమా వ్యాపారంలో నేను చూడలేదు. చాలా పెద్ద తెర. దూర రాష్ట్రాల నుంచి వచ్చి టెంట్లు వేసుకునేవాళ్లు కనిపిస్తారు. పనిచేసేవాళ్లలో ఎవరిని ఏమడిగినా ఆగి, ఓపిగ్గా చెప్పారు.

మొదటి బొమ్మ అయ్యాక ఇంటర్వెల్ రీలు మొదలైంది. తెర మీద గడియారం వచ్చి, ఇంకా పది నిమిషాలుంది అంటుంది. తర్వాత పాప్‌కార్న్, హాట్‌డాగ్, కూల్‌డ్రింక్. మళ్లీ గడియారం, తొమ్మిది నిమిషాలు. మధ్యలో ఊరేసిన దోసకాయకు ఒక ప్రకటన, దోమల చుట్టకు ఇంకోటి. చుట్టూ దోమలు కుడుతున్నప్పుడు దోమల చుట్ట ప్రకటన చూడటం ఎలా ఉంటుందో ఇంట్లో సోఫాలో తెలిసేది కాదు. ఈ రకం రీళ్లలో పేరున్నది "లెట్స్ ఆల్ గో టు ద లాబీ". తినుబండారాలే నడుచుకుంటూ క్యాంటీనుకి పిలిచే చిన్న బొమ్మల పాట. షికాగోలోని ఫిల్‌మాక్ కంపెనీ 1950లలో తయారుచేసింది. 2000లో దాన్ని అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు.

మేం చూసిన రీల్లో రంగులన్నీ గులాబీలోకి తిరిగిపోయాయి. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఆకుపచ్చ రంగు ముందు వెలిసిపోతుంది, చివరికి ఎరుపే మిగులుతుంది. గీతలు కూడా సినిమా కంటే ప్రకటనల మీదే ఎక్కువున్నాయి. ఎందుకో నాన్న చెప్పారు. "బొమ్మ రెండు వారాలాడి ఇంకో ఊరు వెళ్లిపోద్దమ్మా. అడ్వర్టైజుమెంటు రోజూ తిరగాలి, అదే ముందరుగుద్ది." సినిమా నడుస్తుంటే కుడివైపు పైమూల చుక్క మెరవగానే "అదుగో, రీలు అయిపోవచ్చింది" అని నా చెయ్యి తట్టారు. ఆ తర్వాత నాకూ చుక్కలు కనపడటం మొదలైంది.

మన హాళ్లలో ప్రకటనలు వేరుగా ఉండేవి. గాజు పలకల మీద చేత్తో రాసిన స్లైడ్లు, ఊళ్లోని బట్టల కొట్లు, ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీలు, విక్కో వజ్రదంతి. క్యాంటీను గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, సోడాలు, వేరుశనక్కాయలు అమ్మే కుర్రాళ్లు వరసల మధ్యకే వచ్చేవాళ్లు. అందుకని మన తెర ఊరి బజారుని చూపించింది. డ్రైవ్-ఇన్‌లో అలా కాదు. చివరి వరసవాళ్లు కారు దిగి చీకట్లో చాలా దూరం నడిస్తేనే క్యాంటీను వస్తుంది. టిక్కెట్టు డబ్బులో పెద్ద వాటా సినిమా పంపిణీదారుకి పోతుంది కాబట్టి యజమాని బతికేది తిండి అమ్మకం మీదే. ఆ గడియారం పెట్టింది అందుకే. నడిచి వెళ్లి, క్యూలో నిలబడి, సరుకు చేత పట్టుకుని తిరిగొచ్చేంత టైముందని భరోసా ఇస్తుంది. మేం వెనక వరసలోనే ఉన్నాం. గడియారం చూసి వెళ్లాను, సరిగ్గా సరిపోయింది.

బసకి మూడు దారులున్నాయి. హైవే పక్క మోటెల్ చవకే, కానీ మేం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఎంత ఆలస్యమైనా పర్లేదని ఫోన్లో చెప్పినవాళ్లు తలుపుకి తాళం వేసి పడుకున్నారు. నాన్నని కార్లో కూర్చోబెట్టి తలుపు తడుతూ ఉండటం చాలా టెన్షన్. రెండో రాత్రి జిమ్ థోర్ప్ ఊళ్లో దిగాం. 1954 దాకా దాని పేరు మాక్ చంక్. కొండల నడుమ, పాతకాలపు వీధులతో చూడముచ్చటైన ఊరు. గది శుభ్రం, పొద్దున్న కాఫీ మంచిది. పాత భవనం కాబట్టి లిఫ్టు లేదు, పెద్దవాళ్లుంటే కింది అంతస్తు అడిగి తీసుకోండి. ఆకులు రంగు మారే అక్టోబరులో గదులు దొరకవు, దొరికినా రేటు బాగా ఎక్కువ. మూడోది మహోనింగ్‌లోనే టెంటు. అనుమతి ఉన్న రోజుల్లో విడిగా రుసుం కట్టాలి, ముందే కనుక్కోండి. మోకాళ్లు సహకరించేవాళ్లకి నా ఓటు దీనికే.

పాత కారైతే బ్యాటరీ జాగ్రత్త. రేడియో మూడు నాలుగు గంటలు మోగాలి, విడిగా చిన్న ఎఫ్ఎం రేడియో తెచ్చుకుంటే నిశ్చింత. ఎండాకాలంలోనూ రాత్రి చలేస్తుంది, దుప్పటి ఉండాలి. శాకాహారులకు పాప్‌కార్న్, చిప్స్ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. బయటి తిండి కొన్ని చోట్ల ఒప్పుకోరు, కొన్ని చోట్ల విడిగా డబ్బు కట్టించుకుంటారు. పులిహోర కట్టుకెళ్లేముందు అడగండి. మొదటి సినిమా అవగానే ట్రాఫిక్ భయంతో చాలా కార్లు వెళ్లిపోతాయి. ప్రకటనల కోసం వెళ్తే మాత్రం ఆ తొందర పెట్టుకోకండి, పెద్ద రీలు వేసేది ఆ విరామంలోనే.